మొదటి పాఠకులెవరు?
(టీనేజి పిల్లలు రాసే ఆన్‌లైన్ పత్రిక గురించి)

పోయినేడు మా జిల్లా శాఖ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. 13 నుంచి 19 ఏళ్ల మధ్య వయసున్న పిల్లలు తామే రాసి, తామే సంపాదకత్వం వహించే ఆన్‌లైన్ పత్రిక ఒకటి తెలుగులో మొదలుపెట్టాలని ఇద్దరు యువ సభ్యులు కోరారు. చర్చ రెండు గంటలు సాగింది. వ్యతిరేకించినవాళ్లలో నేనూ ఒకణ్ని. "పిల్లల్ని రాయనివ్వండి, మంచిదే. కాని దాన్ని పత్రిక అనకండి, అభ్యాసం అనండి" అన్నాను. ఆ మాటకు చప్పట్లు పడ్డాయి. ప్రతిపాదన వాయిదా పడింది. ఇంటికొచ్చాక ఆ చప్పట్లే నన్ను ఇబ్బంది పెట్టాయి. ముప్ఫై ఏళ్లు తెలుగు పంతులుగా పనిచేసినవాడు చెప్పాడు కాబట్టి ఆ మాటను ఎవరూ పరీక్షించలేదు. నేనూ పరీక్షించలేదు. ఆ పని ఇప్పుడు చేయాలి.

ఆ రోజు వచ్చిన అభ్యంతరాలు మూడు. ఒకటి: ఆ వయసు రాతలు సాహిత్యం కావు, అనుభవం చాలదు, దృక్పథం ఏర్పడి ఉండదు. రెండు: అలాంటి పత్రిక సొంత గది, సొంత కంప్యూటరు ఉన్న మధ్యతరగతి పిల్లల ఆత్మాశ్రయ గోడు అవుతుంది తప్ప జనంలోకి పోదు. మూడు: ప్రతి పిల్లవాడి చేతిలోనూ ఫోను ఉన్న కాలంలో, ఎవరికి తోచింది వాళ్లు ఎక్కడైనా రాసుకుంటున్నప్పుడు, దానికొక పత్రిక ఎందుకు? మూడూ పైకి సబబుగానే కనిపిస్తాయి. మూడింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. ఆ నిజం ఎంతవరకో తేల్చుకోవాలి.

1

మొదటి అభ్యంతరానికి మన సాహిత్య చరిత్రలోనే జవాబు వెతకాలి. బాల్యం, కౌమారం మన వచనంలో లేకపోలేదు. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' ఉంది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఉన్నాయి. తెలుగు వచనానికి బలం ఇచ్చిన పుస్తకాలివి. కాని వీటన్నిటిలోనూ పిల్లవాడి గొంతును పట్టుకున్నది పెద్దవాడు. ఆ పెద్దవాడికి కథ ముగింపు తెలుసు. ఆ పిల్లవాడు బతికి బట్టకట్టాడనీ, ఊరు దాటాడనీ, రచయిత అయ్యాడనీ తెలుసు. ఆ తెలివిడి వల్లనే ఆ కథల్లో హాస్యం సాధ్యమైంది, దుఃఖానికి దూరం సాధ్యమైంది. అది వాటి శిల్పానికి ఆధారం.

పదిహేనేళ్ల పిల్ల రాసినప్పుడు ఆ ఆధారం ఉండదు. పదో తరగతి తప్పితే పెళ్లి చేస్తారా, చదివిస్తారా అన్నది ఆమెకు తెలియదు. తెలియకుండానే రాస్తుంది. ముగింపు తెలియని మనిషి రాసిన వాక్యానికీ, ముగింపు తెలిసిన మనిషి రాసిన వాక్యానికీ తేడా ఉంటుంది. మొదటిది రెండోదానికి ముడిసరుకు కాదు. అది వేరే వస్తువు. మన విమర్శ ఈ తేడాను గుర్తించలేదు. చిన్న వయసు రాతను ఎప్పుడూ రాబోయే పెద్ద రాతకు పీఠికగానే చదివింది. శ్రీశ్రీ 'ప్రభవ' అచ్చయింది 1928లో, ఆయనకు 18 ఏళ్లప్పుడు. దాన్ని దానికోసం చదివినవాళ్లు మనలో ఎందరు? 'మహాప్రస్థానం' ఎక్కడ మొదలైందో వెతకడానికే చదివాం.

మరో ఉదాహరణ ఇంకా ఆలోచింపజేసేది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రిక మొదలుపెట్టారు. పిల్లల రచనలకు చోటిచ్చిన గొప్ప ప్రయత్నం అది. ముళ్లపూడి మొదటి కథ ఆ ఏడాదే అందులో అచ్చయింది. ఆయనకప్పుడు పద్నాలుగేళ్లు. కథ పేరు 'అమ్మ మాట వినకపోతే'. పేరే చెబుతోంది, ఆ పిల్లవాడు ఎవరి వైపు నిలబడి రాశాడో. అమ్మ మాటా, మాస్టారి మాటా లెక్కచేయని బుడుగు రావడానికి ఇంకో పదేళ్లు పైగా పట్టింది. 1950లలో, వారపత్రికలో, పెద్దవాడైన రచయిత చేతుల మీదుగా వాడు పుట్టాడు. అంటే పిల్లవాడిగా ఉన్నప్పుడు రాసింది పెద్దల నీతి, పెద్దయ్యాక రాసింది పిల్లల అల్లరి. ఇది ముళ్లపూడి లోపం కాదు, 'బాల' లోపం అంతకంటే కాదు. తన రాతను చదివేది ఎవరని పిల్లవాడు ఊహిస్తాడో, ఆ పాఠకుడికి నచ్చేదే రాస్తాడు. పద్నాలుగేళ్ల వాడికి మొదటి పాఠకుడు పెద్దవాడైతే వాడు నీతి రాస్తాడు. మొదటి పాఠకుడు తోటివాడైతే ఏం రాస్తాడు? మనకు తెలియదు. ఎందుకంటే అలాంటి పత్రిక మన దగ్గర దాదాపు లేదు.

దాదాపు అని ఎందుకంటున్నానంటే, 2008 నుంచి అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి కేంద్రంగా వచ్చిన 'కొత్తపల్లి' ఉంది. ఇటు అచ్చులోనూ అటు అంతర్జాలంలోనూ, పిల్లలు రాసిన కథలతో, వేసిన బొమ్మలతో వచ్చిన తెలుగు పత్రిక అది. 1947 నుంచి అరవై ఏళ్లకు పైగా సాగిన 'చందమామ'లో పాఠకుడి రాతకు దొరికిన చోటు ప్రధానంగా ఫొటో కింద పెట్టే వ్యాఖ్య. దాంతో పోలిస్తే 'కొత్తపల్లి' వేసింది పెద్ద అడుగు. అయితే దాని ప్రధాన క్షేత్రం చిన్న పిల్లల కథ. పదమూడు దాటాక వచ్చే సంగతులు, అంటే ఒంట్లో మార్పు, ప్రేమ, పరీక్ష భయం, కులం పేరుతో మొదటిసారి పడ్డ దెబ్బ, ఇంటినుంచి పారిపోవాలనిపించడం, వీటికి ఇంకా ఇల్లు లేదు.

2

అలాంటి ఇల్లు ఒకటి వేరే దేశంలో ఏడేళ్లు నిలబడింది. అది మన సమాజం కాదు, మన భాష కాదు. అయినా దాని పుట్టుకా, పనితీరూ, ముగింపూ మనం శ్రద్ధగా చదవదగ్గవి.

అమెరికాలో షికాగో పక్కన ఓక్ పార్క్ అనే ఊళ్లో టావీ గెవిన్సన్ అనే అమ్మాయి 2008లో, పన్నెండేళ్లయినా నిండకముందే, బట్టల ఫ్యాషన్ గురించి అంతర్జాలంలో సొంతంగా రాయడం మొదలుపెట్టింది. ఆమె తండ్రి హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. రెండేళ్లలో ఆ రాతలకు ఎంత పేరొచ్చిందంటే పెద్ద పెద్ద ఫ్యాషన్ ప్రదర్శనల్లో ముందు వరసలో ఆమెకు కుర్చీ వేశారు. ఇక్కడితో ఆగితే ఇది బాలమేధావి కథ. మార్కెట్టుకు అలాంటి కథలంటే చాలా ఇష్టం. కాని ఆమె అక్కడ ఆగలేదు. 2011 సెప్టెంబరు 5న, పదిహేనేళ్ల వయసులో, 'రూకీ' అనే ఆన్‌లైన్ పత్రిక మొదలుపెట్టింది. రూకీ అంటే కొత్తగా చేరినవాడు, ఇంకా పని నేర్చుకుంటున్నవాడు.

ఒక్కతే రాసుకోవడం నుంచి పదిమందితో పత్రిక నడపడానికి మారడమే ఈ కథలో అసలు మలుపు. ఆమెకు నమూనా 1988లో మొదలైన 'సాసీ' అనే అమ్మాయిల పత్రిక. ఆ పత్రిక అమ్మాయిలతో అమ్మాయిల్లాగా మాట్లాడింది. శరీరం గురించి సూటిగా రాసినందుకు మతసంస్థలు బహిష్కరణకు పిలుపునిచ్చాయి, ప్రకటనలిచ్చే కంపెనీలు వెనక్కి తగ్గాయి. 1994లో అది చేతులు మారింది, పాత సంపాదకవర్గం పోయింది, 1996లో ఆగిపోయింది. 1996లోనే పుట్టిన గెవిన్సన్ ఆ పాత సంచికలు చదివి, ఇలాంటిది ఇప్పుడెందుకు లేదని అడిగింది. 'సాసీ' మొదటి సంపాదకురాలు జేన్ ప్రాట్ తొలి రోజుల్లో సాయపడింది. చివరికి పత్రిక యాజమాన్యం మాత్రం గెవిన్సన్ చేతిలోనే ఉండిపోయింది.

'రూకీ' పనితీరులో సాహిత్య విద్యార్థులు గమనించవలసినవి మూడున్నాయి. ఒకటి కాలం. పనిదినాల్లో రోజుకు మూడుసార్లు కొత్త రచనలు వచ్చేవి: బడి వదిలాక, రాత్రి భోజనాల వేళ, పడుకునే ముందు. అంటే పాఠకురాలి దినచర్యే పత్రిక గడియారం. రెండోది వస్తువు. నెలకొక అంశం ఉండేది. మొదటి నెల అంశం 'ఆరంభాలు'. అంశం ఉండడం అంటే ఒక అమ్మాయి రాసినదాని పక్కన అదే సంగతి మీద ఇంకో అమ్మాయి రాసింది ఉండడం. విడిగా చదివితే గోడులా వినిపించేది పక్కపక్కన చదివితే సామాజిక వాస్తవం అవుతుంది. మూడోది పెద్దల స్థానం. రచయితల్లో టీనేజి దాటినవాళ్లూ ఉన్నారు, సంపాదకత్వంలో అనుభవజ్ఞులైన పెద్దల సాయం ఉంది. పెద్దవాళ్లను పిలిచి పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పించే శీర్షిక కూడా ఉండేది. కాని ఆ ఇంట్లో పెద్దలు అతిథులు. ప్రశ్న పిల్లలది.

2012 నుంచి 2015 వరకు ఏటా ఒక సంకలనం అచ్చు పుస్తకంగా వచ్చింది. తెర మీద పుట్టిన పత్రిక కాగితాన్ని వదులుకోలేదన్నమాట. ఆన్‌లైన్ అనగానే అచ్చుకు శత్రువన్నట్టు మాట్లాడే మిత్రులు దీన్ని గమనించాలి.

3

ఇక రెండో అభ్యంతరం: ఇదంతా మధ్యతరగతి ఆత్మాశ్రయ ధోరణి. 'రూకీ' విషయంలో ఈ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. దాని మూలం ఫ్యాషన్‌లో ఉంది. అందులో గది గోడలకు బొమ్మలంటించుకోవడం గురించి, పాత బట్టలు ఎంచుకోవడం గురించి చాలా ఉంటుంది. సొంత గది ఉన్నవాళ్ల సాహిత్యమే అది ఎక్కువ భాగం. అయినా ఒక సంగతి మరవకూడదు. అమ్మాయిల పత్రిక అనే రూపాన్ని ప్రసాధన సామగ్రి కంపెనీలు తమ సరుకు అమ్మే అంగడిగా వాడుకుంటూ వచ్చాయి. నీ ముఖంలో ఈ లోపముంది, దానికీ సీసా కొనుక్కో, అన్నది ఆ అంగడి సూత్రం. 'రూకీ' అదే రూపం తీసుకుని, నీలో లోపం లేదు, ఏమనుకుంటున్నావో చెప్పు అంది. శత్రువు అంగట్లోకి పోయి అక్కడి బల్లమీదే కూచుని మాట్లాడింది. అది చిన్న పని కాదు.

కాని గది లేని పిల్లల సంగతేమిటి? ఈ ప్రశ్నకు అమెరికాలో జవాబు వెతకనక్కర్లేదు. 2003లో ఢిల్లీలో 'బాలక్‌నామా' అనే హిందీ పత్రిక మొదలైంది. వీధుల్లో బతికే, పనులు చేసుకునే పిల్లల సంఘం 'బఢ్‌తే కదమ్' దాన్ని నడిపింది. చేత్నా అనే స్వచ్ఛంద సంస్థ వెనక నిలబడింది. విలేఖరులు ఆ పిల్లలే. చెత్త ఏరేవాళ్లు, బండ్ల దగ్గర గిన్నెలు కడిగేవాళ్లు, ఫ్లైఓవర్ల కింద పడుకునేవాళ్లు. ఇది ఆన్‌లైన్‌లో పుట్టింది కాదు, అచ్చు పత్రిక. కాని మన చర్చకు కావలసిన ముఖ్యమైన మాట ఒకటి ఇక్కడుంది: 'బాతూనీ రిపోర్టర్'. అంటే నోటితో చెప్పే విలేఖరి. అక్షరం రాని పిల్లవాడు తన వార్తను చెబుతాడు. అక్షరం వచ్చిన ఇంకో పిల్లవాడు దాన్ని రాస్తాడు. పేరు చెప్పినవాడిది కూడా. రైలు పట్టాల మీది శవాలను తీయడానికి వీధి పిల్లలను పోలీసులు వాడుకుంటున్నారన్న వార్తను వెలికి తీసింది ఈ పత్రికే. పెద్ద పత్రికలు తర్వాత అందుకున్నాయి.

దీన్ని చూశాక, రాత అనేది చదువుకున్న పిల్లల సొత్తు అనే వాదన నిలవదు. మన పల్లెల్లో అక్షరం రాని తల్లులు చెబుతుంటే పొరుగింటి పిల్లలు ఉత్తరాలు రాసిపెట్టిన కాలం ఎంతో దూరం పోలేదు. ఆ ఉత్తరాల రచయిత ఎవరు? చెప్పిన తల్లి. ఇవాళ ఫోన్లో గొంతు పంపడం అక్షరం రాని పిల్లకూ వచ్చు. ఆన్‌లైన్ పత్రికకు అచ్చు పత్రికకు లేని సౌకర్యం ఇదే. చెప్పినదాన్ని చెప్పినట్టే వినిపించవచ్చు, పక్కన అక్షరాల్లోనూ పెట్టవచ్చు. పత్రిక మధ్యతరగతిది అవుతుందా, కాదా అన్నది పరికరం తేల్చదు. ఎవర్ని విలేఖరిగా ఎంచుకున్నామన్నది తేలుస్తుంది. కాబట్టి రెండో అభ్యంతరం పత్రిక పెట్టవద్దనడానికి కారణం కాదు, ఎలా పెట్టాలో చెప్పే సూచన.

4

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైంది. అందరి చేతిలో ఫోనుంది, పత్రిక ఎందుకు?

'రూకీ' ముగింపునే చూద్దాం. 2018 నవంబరు 30న గెవిన్సన్ పాఠకులకు ఒక దీర్ఘమైన వీడ్కోలు లేఖ రాసి పత్రికను ఆపేసింది. కారణాలు దాచలేదు. పత్రిక తన ఖర్చు తాను భరించుకునే దారి దొరకలేదు. పెట్టుబడిదారుల డబ్బు తీసుకోవడమో, పత్రికను అమ్మడమో, పాఠకుల దగ్గర చందా వసూలు చేయడమో మిగిలింది. పత్రిక స్వభావం మారకుండా వీటిలో దేన్నీ తాను చేయలేనని ఆమె తేల్చుకుంది. అప్పటికే ఆ పాఠకులు పెద్ద కంపెనీల సామాజిక మాధ్యమాల్లోకి తరలిపోయారు. పత్రికలో పుట్టిన మాట తీరే అక్కడ సరుకైంది.

మన మిత్రుడి మాట ఇక్కడ నిజమైందా? అమ్మాయిలంతా ఎక్కడికక్కడ రాసుకుంటున్నారు కాబట్టి పత్రిక అక్కర్లేకపోయిందా? అలా అనుకుంటే పత్రిక అంటే ఏమిటో మనకు తెలియదన్నమాట.

పత్రిక అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది ఏ యంత్రమూ లేని ఒక పత్రిక వల్ల. 1942–44 మధ్య నాజీలు యూదులను బంధించిన తెరెజీన్ గెట్టోలో, ఒకే గదిలో పడుకునే పదమూడు నుంచి పదిహేనేళ్ల మగపిల్లలు 'వెదెమ్' అనే వారపత్రిక నడిపారు. సంపాదకుడు పేత్ర్ గింజ్, మొదలుపెట్టినప్పుడు పద్నాలుగేళ్ల వాడు. వాళ్లు తమ గదికి పెట్టుకున్న పేరు 'ష్కిద్ రిపబ్లిక్'. అనాథ బాలుర బడి గురించి బెలీహ్, పంతెలేయెవ్ అనే ఇద్దరు కుర్రాళ్లు రాయగా 1927లో అచ్చయిన సోవియట్ నవలలోంచి తీసుకున్న పేరది. ఆ నవలలోనూ పిల్లలు పోటీలు పడి చేతిరాత పత్రికలు తెస్తారు. 'వెదెమ్'కు సంచికకు ఉండేది ఒకే ప్రతి. శుక్రవారం రాత్రి అందరూ చుట్టూ కూచుంటే ఎవరి రచన వాళ్లు చదివేవారు. అదే ప్రచురణ. పేత్ర్ గింజ్‌ను 1944లో ఆష్విట్జ్‌లో చంపేశారు. ప్రాణాలతో మిగిలిన ఒక బాలుడు పాతిపెట్టి కాపాడిన దాదాపు 800 పేజీలు ఇవాళ మనకున్నాయి.

ఒక్క ప్రతి ఉన్న 'వెదెమ్' పత్రిక. లక్షలమంది చూసే ఫోను తెర పత్రిక కాదు. తేడా ఎక్కడుంది? 'వెదెమ్'లో రాసినవాడికి మొదటి పాఠకుడు పక్క మంచం మీది పిల్లవాడు. వాడు రచనను లోకం కంటే ముందు చదివాడు, ఇది బాగుంది, ఇది అబద్ధంలా ఉంది అన్నాడు. సామాజిక మాధ్యమంలో రాసే పదిహేనేళ్ల పిల్లకు అలాంటి మొదటి పాఠకుడు లేడు. మొదటి పాఠకుడు గుంపు. ఆ గుంపులో ఎవరికి చూపాలో, ఎవరికి చూపకూడదో నిర్ణయించేది కంపెనీ లెక్క. ఆ లెక్కకు రచనలో నిజముందా లేదా అన్నది పట్టదు, ఎంతసేపు చూశారన్నదే పడుతుంది. తిట్టినా చూసినట్టే. ఏడ్చినా చూసినట్టే. సంపాదకుడు లేని చోటు స్వేచ్ఛాస్థలమని మనం భ్రమపడుతున్నాం. అక్కడ సంపాదకుడు ఉన్నాడు. కనిపించడు, జవాబు చెప్పడు, అంతే.

పత్రిక అవసరం సరిగ్గా ఇక్కడే ఉంది. తోటివాడు ముందు చదవడం. ఒప్పుకోవడం, తిప్పి పంపడం, మళ్లీ రాయమనడం. సంచిక కోసం ఎదురుచూడడం. ఒకరి పక్కన ఒకరి రచన ఉండడం. ఇవి ఫోను ఇవ్వలేదు. ఆన్‌లైన్ అన్నది అచ్చు ఖర్చును తగ్గించే సాధనం మాత్రమే. పత్రికను తయారుచేసేది ఆ కూడిక.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి కూడా మాట్లాడుకోవాలి. అచ్చయిన బడి పత్రిక పదేళ్లకు చెదలు పట్టిపోతుంది. అంతర్జాలంలో పెట్టింది అలా పోదు. పదిహేనేళ్లప్పుడు తండ్రి తాగుడు గురించి రాసిన పిల్లను ఇరవై అయిదేళ్లప్పుడు ఉద్యోగమిచ్చేవాడు చదువుతాడు, పెళ్లిసంబంధం వాళ్లు చదువుతారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కంపెనీల నుంచి పిల్లల్ని కాపాడ్డానికి ఇది అవసరమే. కాని ఇంట్లో జరిగే అన్యాయం గురించి రాయదలచిన పిల్లకు ఆ ఇంటి సమ్మతి ఎలా దొరుకుతుంది? ఈ వైరుధ్యాన్ని తప్పించుకునే సులువైన దారి లేదు. పిల్లల వివరాలు వీలైనంత తక్కువగా అడిగే పత్రిక, కలం పేర్లను గౌరవించే పత్రిక, రచయిత కోరిన రోజున రచనను తీసేసే పత్రిక మాత్రమే ఆ పిల్లకు కొంతయినా అండ కాగలదు. కలం పేరు మన సాహిత్యానికి కొత్త కాదు. దాన్ని ఇన్నాళ్లూ అలంకారంగా వాడుకున్నాం. ఈ పిల్లలకు అది రక్షణ.

5

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా పైదంతా రాయడం నిజాయితీ కాదు.

2011 మొదట్లో, నేను పనిచేస్తున్న హైస్కూల్లో వార్షికోత్సవానికి ఒక సంచిక తెచ్చాం. సంపాదకుణ్ని నేనే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె నోటుబుక్కు కాగితం మీద ఒకటిన్నర పేజీ రాసిచ్చింది. "మా అమ్మ పొద్దుగాల్నే పత్తి ఏరవోతది. కాయ అంచులు గీరుకుంటయని ఏళ్లకు పేలికలు సుట్టుకుంటది" అని మొదలైనట్టు గుర్తు. నేను ఎర్ర కలం తీశాను. "మా అమ్మ ఉదయాన్నే పత్తి ఏరడానికి వెళ్తుంది. వేళ్లకు గాయాలు కాకుండా గుడ్డ చుట్టుకుంటుంది" అని దిద్దాను. అంతటితో ఊరుకోలేదు. చివర శ్రమ గొప్పతనం గురించి నాలుగు వాక్యాలు సొంతంగా కలిపాను. రచనకు దృక్పథం వచ్చిందనుకున్నాను.

అచ్చయ్యాక ఆ అమ్మాయి చదువుకుని నా దగ్గరకొచ్చింది. "మంచిగుంది సార్. కని మా అమ్మ గిట్ల మాట్లాడది" అంది. కోపంగా అనలేదు. నేను నవ్వి, "రాసేటప్పుడు ఇట్లనే రాయాలమ్మా" అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. తర్వాత పదో తరగతి అయిపోయేదాకా నాకు ఇంకో కాగితం ఇవ్వలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూసి ధర్నాకు కూచున్నాం. మా భాషను మీరు వెక్కిరించారు, మా యాసను పాఠ్యపుస్తకాల్లోకి రానివ్వలేదు అని మైకు పట్టుకుని మాట్లాడినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాటలు నిజం. కాని ఆ పని ఎనిమిది నెలల ముందు నా చేతులే చేశాయన్నది అప్పుడు నాకు తట్టలేదు. షికాగో పక్కన ఒక పదిహేనేళ్ల పిల్ల పత్రిక పెట్టిన నెల కూడా అదే. ఆమె తండ్రీ భాష పాఠాలు చెప్పేవాడే. ఆ ఇంట్లో సంపాదకుడి కుర్చీ పిల్లది. మా బడిలో అది నాది. రెండు సమాజాల మధ్య తేడాలు వంద ఉన్నాయి, వాటిని నేను మరవడం లేదు. ఈ ఒక్క తేడాకు మాత్రం నేను సమాజాన్ని నిందించలేను.

పోయినేడు సమావేశంలో "అభ్యాసం అనండి" అన్నప్పుడు నేను అన్నది ఇదే: ఎర్ర కలం నా దగ్గరే ఉండనివ్వండి అని. మన సంఘంలో చాలామందిమి పంతుళ్లం. పిల్లల రాతను చూడగానే మనకు రెండే పనులు తెలుసు. వీపు తట్టడం, తప్పులు దిద్దడం. రెండూ ఆ రాతను చదవకుండా తప్పించుకునే పద్ధతులే. భాషాదోషాల వేటలో ఒక తరం, భావజాల దోషాల వేటలో ఇంకో తరం అదే కలం పట్టుకుంది. నేను ఒక్క కాగితం మీదే రెండూ చేశాను.

కాబట్టి నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటూ, ఆ ఇద్దరు మిత్రుల ప్రతిపాదనను మళ్లీ చర్చకు పెట్టాలని కోరుతున్నాను. నా సూచనలు కొన్ని. సంపాదకవర్గంలో 19 దాటినవాళ్లు ఉండకూడదు. ఏటా కొందరు తప్పుకుని కొత్తవాళ్లకు చోటివ్వాలి. రాయలేనివాళ్లు చెబితే రాసుకునే విలేఖరులు ప్రతి మండలంలో ఉండాలి. ఏ యాసలో వస్తే ఆ యాసలోనే వెళ్లాలి. నెలకొకసారి ఎక్కడో ఒకచోట, బడి వరండాలోనో గ్రంథాలయంలోనో, సంచికను గట్టిగా చదివి వినిపించుకోవాలి. ఖర్చుకు పెట్టుబడిదారుణ్ని వెతకవద్దు. పత్రిక చిన్నదిగా ఉన్నంతకాలం మన చందాలు చాలతాయి. పెద్దదైతే ఏం చేయాలన్నది 'రూకీ' తేల్చలేకపోయిన ప్రశ్న, మనకూ ఎదురవుతుంది. అది ఎదురయ్యేదాకా ఆగి కూచోవడం మాత్రం తప్పు. మనలాంటి పెద్దలకు అందులో పని ఉంది. డబ్బు లెక్క చూడడం, ఎవరైనా పిల్లల మీదికి వస్తే అడ్డం నిలబడడం, అడిగినప్పుడు మాత్రమే సలహా చెప్పడం. చివరికి విమర్శకులుగా, ఆ పత్రికలో వచ్చినదాన్ని ఇదే పేజీల్లో, పెద్దల రచనలను సమీక్షించినంత కఠినంగా సమీక్షించడం. జాలి చూపని సమీక్షే వాళ్లకు మనమివ్వగల గౌరవం.

ఇంకొక్క నియమం, నా అనుభవంలోంచి. వచ్చిన ప్రతి రచన అసలు ప్రతినీ దాచాలి. ఆన్‌లైన్ పత్రికకు ఇది కష్టమైన పని కాదు. ఈ వ్యాసం రాయడానికి కూచున్నప్పుడు ఆ పాత సంచిక కోసం అటక మీది పెట్టెలు దించి వెతికాను. సంచిక దొరికింది. నా వాక్యాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ అమ్మాయి రాసిచ్చిన నోటుబుక్కు కాగితం మాత్రం లేదు. ఒకటిన్నర పేజీలో నాకు గుర్తున్నవి పైన రాసిన ఆ రెండు వాక్యాలే.